రబ్బరు మాట

ముప్పై ఏడేండ్లాయె
జడ్చర్ల చౌరస్తాల పంచర్లు ఏస్తున్న.
రబ్బరు అబద్ధమాడితే
నా బొటనేలికి ముందుగాల ఎరుకైతది.

అసుంటి నా ముంగట
మేనల్లుడు సుభానీ ఒక సంచి వెట్టిండు,
సద్దిమూటంత గూడ లేదు.
అండ్ల ఐదు రబ్బరు పట్టీలు, పసుపుకెళ్లి నలుపు దాంక.
"గిదే జిమ్ము మామా. పదకొండు నూర్లు.
నచ్చకుంటే పది రోజులల్ల వాపస్."

జిమ్మంటే నాకు పాలమూరు తాలీము.
నూనె తాగిన ఎర్రమట్టి, గోడకానిన ముగ్దర్లు,
ఉస్తాద్ నోట్లె లెక్క తప్పితే మల్ల ఒకటికెళ్లి బస్కీలు.
ఇంట్లనేమో రంగుడబ్బాలల్ల సిమెంటు వోసి
నడుమ పైపు గుచ్చి నేనే జేసుకున్న బరువులు.
ఒకపారి చెయ్యి జారితే
కింది వాటాల అద్దం పగిలింది,
కిరాయి మూడు నూర్లు పెరిగింది.
నిరుడు లారీ టైరు ఒరిగినప్పటి సంది
కుడి జబ్బ చెవి దాంక లేస్తలేదు.
డబ్బాలు మంచం కింద పన్నయి.

సరే, పనోని లెక్క చూద్దమనుకున్న.
నల్లపట్టీని మడిచి చూసిన, పగుళ్లు లేవు.
గోటితోని గీకిన. వాసన చూసిన.
అలవాటున నీళ్లతొట్టిల ముంచవోయి
ఆగి నాకు నేనే నవ్వుకున్న,
దీంట్ల గాలి యాడిది, బుడగలొచ్చెటందుకు?

ఇనుము సీదా మనిషి.
పొద్దుగాల పది కిలోలంటే మాపటికీ పదే,
జరమొచ్చినోడు లేపినా పదే.
రబ్బరు గట్ల గాదు.
మొదటి జానెడు సుట్టం లెక్క ఎంబడొస్తది,
రెండో జానెడుకు షావుకారైతది.
ఎంత మోసినవో చెప్పదు.
ఇడిసేటప్పుడు గూడ మెల్లగ ఇడువమంటది,
గబుక్కున ఇడిస్తే ముఖం మీదికే.

మూడో దినం తలుపు బందుకు కట్టి గుంజిన.
బందు ఊడొచ్చింది. కిరాయింటి తలుపు,
మేకులకు నాకన్న ఎక్కువ వయసు.
ఐదో దినం కాలి కింద తొక్కి గుంజిన,
పట్టీ జారి మోకాలు కమిలింది.
ఆరో దినం సుభానీకి ఫోన్ జేసిన,
"వాపస్ పంపురా, ఇది పోరగాండ్ల ఆట."

ఏడో దినం మాపటికి దుకాణం కట్టేసి ఒస్తే
వంటింటి కిటికీ చువ్వకు పసుపుపచ్చ పట్టీ.
అవుతలి కొస మదారమ్మ చేతిల.
కండ్లు మూసుకొని, పెదవులతోని లెక్కవెట్టుకుంట
మెల్లగ గుంజుతున్నది, మెల్లగ ఇడుస్తున్నది.
బడిల రెండు నూర్ల మంది పోరలకు
గంజి ఒంచి ఒంచి పట్టేసిన భుజం ఆమెది.
ఏడాదాయె, ఆమె జడ పక్కింటామె అల్లుతుందని తెల్సు,
ఎందుకో అడగలే.
"ఎవరు నేర్పిన్రే?"
"ఆటల టీచరమ్మ. పదిహేను అయినయి, ఆగు."

ఇరవై రెండేండ్లు గా మంచం కింద బరువులున్నయి.
ఊడ్చేటప్పుడు జరిపింది గని
ఒక్కటన్న నీకని నేననలే.

సుభానీకి మల్ల ఫోన్ జేసిన.
కిటికీ చువ్వను గుంజి చూసిన, గట్టిదే, గోడలకు దిగింది.
పట్టీ రాసుకునే కాడ పాత ట్యూబు ముక్క సుట్టిన.
ఎండకు పెట్టొద్దన్న,
మన పాలమూరు ఎండకు రబ్బరు రెండేండ్లు గూడ బతకదు.
నెలకొక్కపారి నాకు సూపియ్యి, పగులు నేను జూస్త.

సిమెంటు డబ్బా ఒకటి నీళ్లడ్రమ్ము మూత మీదికెక్కింది.
నాకు ఎరుపు దాంక వచ్చింది, మోచెయ్యి పక్కకు ఆనిచ్చి.
ఆమె మొన్న ఆకుపచ్చ అడిగింది.
నల్లది ఇంకా సంచిలనే ఉన్నది.