మూడు పటాలే ఉచితం

ఎచ్చెర్ల హాస్టల్లో రాత్రి పదకొండు.
కరెంటుంది, డేటా లేదు.
లోలాక్షి తన ఫోన్లోంచి నాకు కాస్త నెట్టు పంచింది,
దోసిట్లోకి నీళ్లు వంచినట్టు,
"బేగి కానియ్యి" అంటూ.

తెర మధ్యలో ఒక గుండ్రం గీశాను.
అందులో రాశాను: మూత్రపిండం.

కూర్మనాథం మాస్టారు నేర్పిన పద్ధతి ఇది.
"పేజీలు మింగకండి, కొమ్మలు వెయ్యండి" అన్నారు.
అప్పటిదాకా బయోకెమిస్ట్రీ నాకు
జీడిపిక్కల బస్తా.
ఎక్కడ చెయ్యి పెట్టినా జీడి అంటుకునేది,
పప్పు మాత్రం దొరికేది కాదు.
ఇప్పుడు వేలితో లాగితే గీత సాగుతుంది,
చివర ఒక డబ్బా తెరుచుకుంటుంది.
నెఫ్రాన్ నీలం. క్రియాటినిన్ ఎరుపు.
యూరియాకి పసుపు నేనే ఎంచుకున్నాను,
ఎందుకో చెప్పక్కర్లేదు.
ముప్పై రెండు పేజీల పాఠం
అరచెయ్యంత జాగాలో సర్దుకుంది.

ఈ యాప్ ఉచితంగా మూడు పటాలే ఇస్తుంది.
నాలుగోది కావాలంటే డబ్బు కట్టాలి,
లేదా ఉన్నదొకటి చెరపాలి.
ఎంజైములు, హార్మోన్లు, మూత్రపిండం.
సెమిస్టర్‌కి పేపర్లు ఆరు.

శనివారం పలాస.
అమ్మకి కార్ఖానాలో సెలవు దొరకలేదు,
మావకి తోడుగా ఈసారి నేను.
నాలుగు గంటల మిషను.
పక్కన స్టూలు మీద కూచుని
ఫోన్లో కొమ్మలు సరిచేసుకుంటున్నాను.

"సాలిగూడేటే గుంటా?" అన్నాడు దండాసి మావ.
"పాఠం, మావా. నీ జబ్బే."
అలా అనకుండా ఉండాల్సింది.

సూది లేని చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.
పాతికేళ్లు కొబ్బరిచెట్లెక్కిన వేళ్లు
తెరని మొదలు నుంచి మొవ్వ దాకా తడిమాయి.
"ఇందులో నానెక్కడున్నాను?"

పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను.
క్రియాటినిన్ ఉంది. మావ లేడు.

అక్కడే, ఆ స్టూలు మీదే, ఎంజైముల్ని చెరిపేశాను.
పరీక్ష పన్నెండు రోజుల్లో ఉంది.
కొత్త గుండ్రం. మధ్యలో: దండాసి.

"సెప్పు, మావా."
చెప్పాడు. వరసా వావీ లేదు.
చిన్నప్పుడు తాగిన నుయ్యి, దాని రుచి.
నడుం నొప్పికి కిళ్లీకొట్లో కొనుక్కున్న బిళ్లలు,
రోజుకి రెండు, పనెక్కువైతే నాలుగు.
చెట్టు దిగి నీళ్లు తాగకుండానే
ఇంకో చెట్టెక్కిన మధ్యాహ్నాలు.
మధ్యలో ఒక తుఫాను, అమ్ముకున్న ఆవు,
కాళ్లు పొంగాయని మానేసిన చెల్లెలి పెళ్లి ప్రయాణం.
అవి ఏ కొమ్మకి చెందుతాయో తోచక
పక్కన విడిగా వదిలాను.
గీత లేని డబ్బాని యాప్ ఒప్పుకోదు,
ప్రతిసారీ అడుగుతుంది: దీన్ని దేనికి కలపాలి?

అన్ని కొమ్మల కొసనా ఒక్క డబ్బా మిగిలింది.
ఎందుకు?
పుస్తకంలో ఆ చోట రెండే మాటలు: కారణం తెలియదు.
నాకు ఆ రెండూ రాయబుద్ధి కాలేదు.

"కాళీగా వొగ్గీసినావేటి?"
"ఇంకా ఎవలికీ తెలీదు, మావా."
కాసేపు మిషను చప్పుడే.
పక్క మంచం ముసలాయన కూడా
తల తిప్పి ఇటే చూస్తున్నాడు.
"అయితే ఆ డబ్బా కూసింత పెద్దది సెయ్యి" అన్నాడు మావ.
"మనూరోలందరం పట్టాల."

పరీక్షలో ఎంజైములే అడిగారు.
కళ్లు మూసుకుంటే చెరిపేసిన పటం
రంగులతో సహా అక్కడే ఉంది,
ఒక్క కొమ్మ తప్ప.
అదేదో ఇప్పటికీ గుర్తు రాలేదు,
ఆరు మార్కులు దానితోనే పోయాయి.

మావ పటం అలాగే ఉంది.
వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి చెబుతాడు,
కలుపుతాను, లేదా విడిగా వదులుతాను.
నా చదువుకి ఇప్పుడు
రెండు పటాలే ఉచితం.