మూడో చుట్టు

దస్తగిరి ఎప్పుడూ బండి కిందనుంచే మాట్లాడతాడు.
కాళ్లు మాత్రం కనపడతాయి,
ఒక కాలికి చెప్పుంటాది, ఒక కాలికుండదు.
"ఓబులేసన్నా, క్లచ్చు ప్లేట్లు అరిగిపోయినాయి,
కింద రేకు బూందీ గంటె మాదిరి అయింది.
పద్దెనిమిది వేలు పెడితే తిరుగుతాది.
ఎన్నాళ్లు తిరుగుతాదో మాత్రం నన్నడగొద్దు."

నవ్వొచ్చింది నాకు. ఆ మాట నాది.
ఉరవకొండలో బళ్లారి రోడ్డు మీద ఇరవై రెండేండ్లుగా
కాలిన బోరు మోటర్లకు రాగితీగ చుట్టేది నేనే.
రైతు మోటరు దించి, కూచోమన్నా కూచోకుండా నిలబడతాడు.
"రెండు చుట్లు చుట్టినా గదప్పా,
మూడో చుట్టు నిలబడదు.
తూకానికేసి కొత్తది తెచ్చుకో" అంటాను.
సులువే చెప్పడం.
మొగం చూడకుండా చెప్పాల, అంతే.

రెండువేల నాలుగు ఓమ్ని.
కొన్నప్పుడు తెలుపు. ఇప్పటి రంగుకు పేరు లేదు.
వెనక సీట్లు ఎప్పుడో పీకేసినా,
మోటర్లు దొర్లీ దొర్లీ అడుగంతా సొట్టలు.
పక్క తలుపు మోకాలితో ఎత్తితే గానీ జరగదు.
రెండో గేరు నాకు మొరాయిస్తాది,
మా సుంకులమ్మ చేతికి మాత్రం
వెన్నలో వేలు పెట్టినట్టు పడతాది.
మార్కెట్ యార్డులో ఆదివారాలు
దీంట్లోనే నేర్చింది ఆమె.

ఆమె దగ్గర ఒక డైరీ ఉంది.
రేడియేటరు రెండువేల నాలుగొందలు.
సెల్ఫు పద్దెనిమిదొందలు.
మళ్లీ సెల్ఫు.
"మళ్లీ" కింద రెండు గీతలు.
"ఈ దుడ్లన్నీ కూడితే ఇంకో బండొచ్చేది" అంటాది.
లెక్క తప్పు లేదు. నేనే రెండుసార్లు కూడి చూసినా.

బళ్లారి నుంచి వీరేశ వచ్చినాడు.
పుచ్చకాయను తట్టినట్టు తలుపు తట్టినాడు.
"ముప్పై రెండు వేలు. ఎగ్ రైస్ బండి చేసుకుంటా.
తిరిగే పనే లేదు సార్, నిలబెడితే చాలు."
"మరి ఇంజను?"
"దానికి వేరే గిరాకీ ఉండాది."
సుంకులమ్మ టీ తెచ్చింది.
ఆయప్పకిచ్చింది, నాకు మరిచిపోయింది.
రేపు పొద్దున చెప్తానన్నా.

ఆ సాయంత్రమే పెద్ద కౌకుంట్ల తిప్పేస్వామి,
ఆటోలో మోటరేసుకొని.
మూడోసారి కాలింది. మూత తీస్తే అదే కమురు వాసన.
నోరు తెరవబోతాంటే ఆయనే అన్నాడు:
"శెనిక్కాయ ఊడలు దిగుతాండాదప్పా.
ఎన్నాళ్లు తిరుగుతాదో అడగను.
పది దినాలు తిరిగితే చాలు."
ఈసారి మొగం చూసినా. చూడకుండా ఉండాల్సింది.

రాత్రి రెండు దాకా చుట్టినా.
లెక్క తప్పితే విప్పి, మళ్లీ మొదట్నుంచి.
తీగ వేళ్లను కోస్తాంటే
వీరేశకు ఏం చెప్పాల్నో గుర్తుకు రాలేదు,
అంతమటుకు మేలు.

తెల్లారి మోటరు బండికెక్కించి తాళం తిప్పినా.
కుర్ మని ఆగింది.
రెండోసారి అదీ లేదు.
పోనీలే అనుకున్నా, తీర్మానం దానంతటదే అయిపోయింది,
నా నోటితో చెప్పే పని తప్పింది.
ఊరికే, చెయ్యి అలవాటుకు, ఇంకోసారి తిప్పితే
ఒళ్లంతా ఊపుకొని అందుకుంది.
ఎంత కోపమొచ్చిందో దాని మీద!

పక్క తలుపును ఎవరో మోకాలితో ఎత్తి మూసినారు.
"జరుగు, నేను తోల్తా" అంది సుంకులమ్మ.
జేబులో ఫోను మోగతాంది.
ఇంజను చప్పుడులో వినపళ్లేదని
చెప్పుకోవచ్చు.