ముందు ఇరుసు, ఎడమ పక్క

సోమవారం పొద్దుగాల డీజిల్ పోసినం.
మాపటికి మళ్ల పోసినం.
తాగింది. మెదలలేదు.

బాలానగర్ల మా షెడ్డు కింద
ముసలి బ్యాటరీ ట్రాక్టరు.
మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ వేలంల
అనసూయమ్మ పాతిక వేలకు పాడుకున్నది,
నర్సరీల కుండీలు గుంజనీకి.
"పొగ రాని బండి కావాలె,
నా నారుకు దగ్గు రావొద్దు" అన్నది.
మోటరు మంచిగనే ఉంది. కార్బన్ బ్రష్షులు మార్చినం,
తీగెలు కొత్తవి గుంజినం,
మీట నొక్కితే పిల్లి గురకంత చప్పుడు.
మలుపు మాత్రం తిరగదు.
ఎడమ చక్రం కాడ బొటనవేలంత పిన్ను
ఇరుసుల బిర్రుగ కూసున్నది.

మంగళవారం గ్యాసు మంట.
ఇనుము ఎర్రగయ్యే ముందు
నెమలి మెడ రంగొకటి వస్తది.
ఆడనే ఆగాలె.
కాలిన అతుకుకు ఖదీర్ భాయ్ కొవ్వొత్తి అద్దిండు.
మైనం సందులకు పాకింది.
షెడ్డంత కరెంటు పోయిన రాత్రుల వాసన.
ఇత్తడి కడ్డీ ఆనించి సమ్మెట:
ఒకటి. రెండు. పద్నాలుగు.
ఓదేలు అరచేతుల బొబ్బలు.
ఇరుసు మోగింది, పిన్ను మోగలేదు.

"మోగని ఇనుమును కొట్టకు బిడ్డా,
లోపట దాన్ని ఇంకేదో పట్టుకున్నది."
భాయ్ చెప్పిండు. మేం విన్లే.
అనసూయమ్మ ఫోన్ల మీది కోపానికి కొట్టినం,
షెడ్డు కిరాయికి కొట్టినం,
నేనైతే, చెప్పొద్దు గని,
పాత కంపెనీల చేతికి కాగితమిచ్చి
గేటు దాకా సాగనంపిన మేనేజరు పేరున
రెండు ఎక్కువనే ఏసిన.
పిన్ను తల పుట్టగొడుగు లెక్క పరుచుకున్నది.

బుధవారం ఎవ్వరం మాట్లాడలే.
ఓదేలు ఊరికె కూసోలేక
పాత బ్లేడుతోటి రంగు గీకుడు వెట్టిండు.
ఆకుపచ్చ, దాని కింద నీలం,
దాని కింద బూడిద, మళ్ల ఆకుపచ్చ.
ఎన్ని దసరాలకు ఎన్ని పూతలో.
ఒక పూత మీద కుంకుమ బొట్టు,
మీది రంగు కింద ఇంకా ఎర్రగ.
అన్నింటి అడుగున గోరంత గుంట.
సూదిమొనతోటి తవ్వితే
అడ్డంగ చిన్న చీల.

గంతే.
ఎవరో ఒకాయన, ఓదేలు పుట్టకముందు,
పిన్ను జారొద్దని దానికి తాళమేసి,
మీద రంగేసి, చెయ్యి తుడుచుకొని
చాయ్‌కి పోయిండు.
మూడు దినాలు మేం తుప్పును తిట్టినం.
తుప్పు పెద్దగ లేనే లేదు.
ఉండమన్న కాడ ఉన్నది, పాపం.

చీల రెండు తట్లకు రాలింది.
పరుచుకున్న తలను ఆకురాయితోటి రుద్ది
కడ్డీ ఆనిస్తే, నాలుగో దెబ్బకు
పిన్ను బయటికొచ్చి గచ్చు మీద దొర్లింది.
అప్పుడు మోగింది.
నడుముకు గ్రీజు, ఇంకా మెత్తగ.
భాయ్ వేలికి తీసి ముక్కు కాడ పెట్టుకున్నడు.
"సబ్బు వాసన" అన్నడు.
నాకైతే ఏం రాలేదు.

ఆ పిన్ను ఇంక పనికి రాదు, మేమే పాడు చేసినం.
లేత్ మీద కొత్తది తిప్పాలె.
అనసూయమ్మకు ఎనిమిది వందలు ఎక్కువ చెప్పాలె.
ఎందుకంటే?
"తుప్పు వట్టిందని రాయన్నా" అన్నడు ఓదేలు.

బిల్లు బుక్కు తెరిచిన.
పిన్ను, ఒకటి.
కారణం గడి కాడ పెన్ను ఆగింది.
బయట ఎవరో కొత్త బండి తోలుకొచ్చిండ్రు,
హారన్ కొడుతున్నరు.