దిర్హంలో ఒక ఫిల్సు

లివా దాటాక రోడ్డు ఇసుకలో మునిగే చోట
మా గుమ్మటం.
సాయంత్రం తెరవడం, తెల్లారి మూయడం,
కటకం మీద మంచు పడితే
హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం నా పని.
అవును, జుట్టుకు పెట్టేదే.
ముసఫ్ఫాలో ముప్పై దిర్హాలకు కొన్నాం.
అదే ముసఫ్ఫాలో పదకొండేళ్లు
లేతు మీద ఇనుము తిప్పాను.

ఆ చుక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.
మరీ వెలుగు, మరీ వేగం.
నిమ్మళంగా తిరిగే చుక్కల వెలుగులో
సన్నని నల్లగీతలుంటాయట,
గీత అటూ ఇటూ ఊగిందంటే
పక్కన ఎవరో ఉన్నట్టు లెక్కట.
దీని గీతలు
తడిచేత్తో తుడిచిన కాటుక.
తూకానికి పనికిరాదని
పాత జాబితాలో కొట్టేశారు.
డాక్టర్ మౌజా ఆ కొట్టివేతనే కొట్టేసింది.

తిరిగి తిరిగి నడుం దగ్గర ఉబ్బిందని చెబితే
నేనేం ఆశ్చర్యపోలేదు.
వేగం పెంచితే లేతు మీద రబ్బరు చేసేదీ అదే.

నవంబరు. రాత్రి పదకొండుంపావు.
తెర మీద చుక్కల వరస కాస్త కుంగింది.
ఆవిడకంటే ముందు నేనే చూశాను.
గొప్ప కాదు, అలవాటు.
జీతం కాగితం చేతికొస్తే
నా కన్ను ముందు కోత దగ్గరికే పోతుంది.
నూటికి ఒకటి.
దిర్హంలో ఒక ఫిల్సు.
మూడు గంటలు తక్కువ ఇచ్చి
మళ్ళీ నిండుగా ఇచ్చింది.

"దుమ్మేమో" అంది ఆవిడ.
తుడిచాను.
నాలుగు రోజులకు
అదే వేళకు, అంతే కోత.
దుమ్ముకు క్యాలెండర్ తెలీదు కదా మేడం, అన్నాను.
ఆవిడ కరక్ చాయ్ కప్పు కింద పెట్టడం మరిచిపోయింది.

మార్చిలో ఎక్కడో కొండమీది పెద్ద దుర్బిణి నుంచి
ఒక బొమ్మ వచ్చింది.
చెరిగిన కాటుకలో
చిన్న మచ్చ ఒకటి నడుస్తోంది.
ఏ మసక చూసి వద్దన్నారో
ఆ మసకే నీడకు దారి ఇచ్చింది.
గురుడికంటే లావట.
చుక్క నడుం వెంట కాదు,
ఏటవాలుగా పోతుందట,
గుమ్మం ఉండగా గోడ దూకే మనిషిలా.

కోత అంటే
మెస్సు బిల్లు, వీసా బాకీ,
రాని రోజుకు రెండు రోజులు.
కోత అంటే అక్కడ ఎవరో
అడ్డంగా నడిచి వెళ్తున్నారని
నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ మళ్ళీ దాని రోజు.
ఖర్జూరపు తోటల మీంచి
పొగమంచు పాకుతూ వస్తోంది.
డ్రయ్యర్ వేడెక్కింది.
కోత ఇంకా మొదలవలేదేమని
ఊరికే వాచీ చూసుకుంటున్నాను.