మూడో గడి

ఫారంలో మూడో గడి ఇంకా ఖాళీ.
మీ సినిమా ఎవరి కోసం?
మిసెస్ ప్రిడ్జన్ పెన్ను మూతతో
ఆ గడిని రెండుసార్లు తట్టింది.
"అందరి కోసం" అన్నాడు రూబెన్.
"అందరూ అనే మనిషిని నేనింతవరకు చూళ్లేదు,
శుక్రవారంలోగా పట్టుకురా" అందావిడ.

మాది రెండు నిమిషాల దోపిడీ.
గ్రిమ్స్‌బీ చేపల రేవు వెనక
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ మా బ్యాంకు.
పారిపోయే బండి డెక్లన్ వాళ్ల నాన్న వ్యాను,
దాని పక్కన ‘తాజా హాడక్’ అన్న అక్షరాలు
ఎంత రుద్దినా పోలేదు.
ముఖాలకు మా అమ్మ పొడుగు మేజోళ్లు.
సంచిలో పైన ఒక్కటే నిజం నోటు,
కింద అంతా కత్తిరించిన కరపత్రాలు.

శనివారం బజార్లో నలభై కాగితాలు పంచాం,
ఇరవై మూడు తిరిగొచ్చాయి,
కొన్నిటికి వెనిగర్ వాసన.
వయసెంత, ఆడా మగా, నెలకెన్ని సినిమాలు,
దొంగ దొరకాలా, తప్పించుకోవాలా.
పాతికలోపు కుర్రాళ్లు
వ్యాను వేగంగా పోతే చాలన్నారు.
వయసు గడిలో ఒక తాత ‘ఉంది’ అని రాశాడు.
రాత్రి షిఫ్టులో చేపలు కోసి వచ్చినామె
"సరే, ఆ డబ్బుతో ఏం చేస్తారు?" అని అడిగి
మా ప్రశ్నల వెనక్కి తిప్పి
తన కరెంటు బాకీ కూడుకుంది.
రూబెన్‌కి ఇవేవీ పట్టలేదు.
గుండ్రంగా గీసి, కుర్రాళ్లకు నీలం నింపి,
"దొరికారు" అన్నాడు.

చేతిలో ఒక కాగితం మిగిలింది.
గుండీలూ జిప్పులూ అమ్మే కొట్లో జోసెలిన్
నిలబడే చదివింది. పెన్ను అందుకోలేదు.

"ఆరేళ్ల కిందట గుర్రప్పందేల షాపులో చేసేదాన్ని.
ఇద్దరొచ్చారు. మేజోళ్లేం లేవు, మామూలు టోపీలు.
నూట నలభై పౌన్లు.
కార్పెట్ మీద ఎవరో ఉమ్మిన చూయింగ్ గమ్,
దాన్నే చూస్తూ బోర్లా పడుకున్నాను.
ఇప్పటికీ దాని ఆకారం చెప్పగలను.
ఇంతకీ మీ దాంట్లో
కౌంటరు వెనక ఎవరు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే
ముగ్గురం భుజాలు తడుముకున్నాం.
కౌంటరు వెనక మాకెవరూ లేరు.
అక్కడ ట్రైపాడ్ పెట్టాం,
దొంగలు బాగా కనిపిస్తారని.

ఆమె మూడు గుండీలు లెక్కపెట్టి
ఎవరికో పొట్లం కట్టింది.
మేమింకా అక్కడే ఉన్నామని చూసి
"వాన పడేలా ఉంది, వెళ్లండి" అంది.

ఆదివారం మళ్లీ తీశాం.
ఈసారి కెమెరాని నేల మీద పడుకోబెట్టాను.
దొంగలకు తలల్లేవు, బూట్లే.
ఒక బూటు లేసు ఊడి ఉంది, అది డెక్లన్‌ది,
కట్టుకోమని చెప్పలేదు.
తెరిచిన తలుపులోంచి వ్యాను
‘తాజా హా’ దాకా కనిపించి ఆగిపోయింది,
చలికి ఇంజను అందుకోలేదు.
"కుర్రాళ్లకిది నచ్చదు" అన్నాడు డెక్లన్.
"మార్కులు పోతాయి" అన్నాడు రూబెన్.
ఇద్దరూ చెప్పింది నిజమే.

శుక్రవారం పొద్దున బస్సులో
మూడో గడి నింపాను.
పదిహేను నుంచి పాతిక, మగ, స్థానికులు.
మార్కులు దానికే.
కింద మార్జిన్లో, పెన్సిల్‌తో,
బస్సు కుదుపుకి వంకరపోయిన అక్షరాల్లో:
గుండీల కొట్టు. ఒకామె.
చూస్తానని చెప్పలేదు.