గుడ్డు పెంకులు

పలెర్మోలో అక్టోబరు ఇంకా చెమటలు కక్కిస్తోంది.
మూడో అంతస్తు బాల్కనీలో ఇన్యాత్సియా
టమాటా డబ్బాల్లో, చిట్లిన సూపు గిన్నెలో,
ఒక హెల్మెట్‌లో కూడా మట్టి నింపింది.

హెల్మెట్ గాస్పరేది.
స్కూటర్ అమ్మేశాక దానికి తల కరువైంది,
ఇప్పుడు ఎర్రెర్రగా జెరేనియం తలలు.

వేసవంతా మొండికేసిన దేవగన్నేరు
నిన్న రాత్రి నాలుగు పూలు విప్పింది.
"ఇప్పటికి తీరిందా నీకు?" అని తిట్టి
చెంబెడు నీళ్ళు ఎక్కువే పోసింది.
అవి కారి, కింది అంతస్తులో
ఆరేసిన నా చొక్కా మీద పడ్డాయి.

పోట్లాడదామనే తలెత్తాను.
పైనుంచి ఒక పువ్వు జారింది:
పసుపు గొంతు, తెల్లటి అంచు, తొడిమ దగ్గర పాలు.
ఆమె వదిలిందో, గాలి తెంపిందో
అడగలేదు.

చేమంతి కుండీని చూసి
ఎదురింటావిడ ముక్కు విరుస్తుంది:
"అవి సమాధులకి కదా!"
"నేను పోయాక ఎలాగూ తెస్తారు.
అప్పుడు నేను చూడొచ్చానా?"

వంటింట్లో గుడ్డు పెంకులు కడిగి దాస్తోంది,
డిసెంబరులో దేవగన్నేరు కొమ్మల కొసలకు తొడగాలి,
చలికి చిగురు మాడకుండా.
కొమ్మలు పదకొండు. పెంకులు ఏడు.
గాస్పరే ఎంత గొణిగినా
ఈ రాత్రికీ ఆమ్లెట్టే.