ఉత్తుత్తి గాయం

పెద జాలారిపేట తుఫాను షెల్టరు మెట్ల దగ్గర
ప్రతి నెలా రెండో ఆదివారం
నా కాలు విరుగుతుంది.

ఎర్రసిరా పూసిన గుడ్డ మోకాలికి చుట్టి
"బాబాయ్, నువ్వు కదలకూడదు" అంటుంది హైమ,
నర్సింగు రెండో ఏడు చదువుతున్న పిల్ల.
ఇడ్లీ బండి నడిపే నాకు బరువే అర్హత, ఎనభై ఆరు కిలోలు.
నన్ను మొయ్యగలిగితే
పేటలో ఎవర్నయినా మొయ్యొచ్చట.

మొదటి ఆదివారం వచ్చింది ఏడుగురు, ఒక మేక.
"సముద్రం మనకి కొత్తేటి?" అన్నాడు ఎల్లాజీ
పేకముక్కల్లోంచి తలెత్తకుండానే.
సముద్రం కొత్త కాదు.
కానీ హుద్‌హుద్ నాటి ఆ అక్టోబరు ఆదివారం
గాలి మా రేకుల్ని ముక్కల్లా కలిపి పంచింది.
ఎవరి కప్పు ఎవరి వాకిట్లో పడిందో మర్నాడు వెతుక్కున్నాం.
కైలాసగిరి ఒక్కపూటలో గుండు కొట్టించుకుంది.
ఫోన్లు చచ్చాయి, పాలపాకెట్టు యాభై అయింది.
మా అమ్మని తలుపుచెక్క మీద పడుకోబెట్టి
మోకాలిలోతు నీళ్ళలో మోసుకెళ్ళిన నలుగురి పేర్లు
నాకు ఇప్పటికీ తెలీవు.

అందుకే పడుకుంటాను,
ఎర్రసిరాతో, నోరు మూసుకుని.

రెండు వెదుళ్ళు, ఒక పాత దుప్పటి.
మొదటిసారి మూడో మెట్టు మీద జారవిడిచారు.
ఉత్తుత్తి కాలు బాగానే ఉంది,
నడుం నిజంగా పట్టేసింది.
"ఇరవై రెండు నిమిషాలు" అని పుస్తకంలో రాసుకుంది హైమ.
ఇంకేమీ అనలేదు.

సంచీలు విప్పి చూపించిన రోజు
ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు, బీపీ బిళ్ళలు, టార్చి,
అటుకులు, బెల్లం ముక్క,
గరగమ్మ సంచీలో మాత్రం నాలుగు చుట్టలు.
"ఇవెందుకు మామ్మా?"
"అడ్డపొగ నోట్లో ఎట్టుకోకపోతే
నాకు దైర్నం రాదే గుంటా."
హైమ కాసేపు ఆలోచించి
వాటికీ ఒక కవరు ఇచ్చింది, తడవకుండా.

అసలు చిక్కు దానయ్యతో.
చేతి సైరను తిప్పితే కుక్కలు లేస్తాయి, పసిపిల్లలు లేస్తారు,
చెవుడున్న దానయ్య గురక ఆగదు.
ఎర్రలైటు పెడదామన్నారు. కరెంటు పోతే?
కుర్రాణ్ణి పంపుదామన్నారు. ఆ గాలిలో ఏ కుర్రాడు?
నూకరత్నం మాట్లాడకుండా లేచి
వలలకి వాడే నైలాను తాడు తెచ్చి
తన కిటికీ నుంచి దానయ్య కిటికీకి లాగింది.
"కొస కాలి బొటనేలికి తగిలించుకుని తొంగోమను.
గేలానికి సేప తగిలినట్టు లాగుతాను, లేత్తాడు."

మొన్న రాత్రి రెండింటికి
ఏ పిల్లి దూకిందో ఆ తాడు మీద.
దానయ్య సంచీ భుజానేసుకుని
తలుపు తలుపూ బాదాడు.
ఆ రాత్రి నా కాలు విరగలేదు.
ఎల్లాజీ కోడలికి నెలలు నిండాయి,
దుప్పటి వెనక కొస నేనే పట్టుకున్నాను,
ముందు కొస ఎల్లాజీ.
మూడో మెట్టు దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగి
ఒకేసారి కాలెత్తాం.

మెట్ల మీద నూట నలభై మందిమి.
ఎదురుగా సముద్రం
పాలు తాగిన బిడ్డలా నిద్రపోతోంది.
ఒక చుక్క కూడా మబ్బు చాటున లేదు.

ఎవడో నవ్వబోయి
దానయ్య మొహం చూసి ఆగాడు.
"నాను లాగనేదు" అని
రెండు చేతులూ ఆడించి చెప్పింది నూకరత్నం.
హైమ ఫోను వెలుగులో చూసుకుని
"ఎనిమిది నిమిషాలు" అంది మెల్లగా,
ఎవర్నీ నిద్ర లేపకూడదన్నట్టు.

నేను బండి తోసుకొచ్చి స్టవ్ వెలిగించాను.
మొదటి గ్లాసు దానయ్యకి.
గరగమ్మ కవరు విప్పి చుట్ట ముట్టించింది.
దానయ్య కాలివేలికి
తెగిన తాడు ఇంకా వేలాడుతోంది.
నూకరత్నం వంగి దాన్నే చూస్తోంది
ఈసారి ఏ ముడి వెయ్యాలా అని.